రెండేళ్ల మిషనరీ, ఎప్పటికీ అక్కడే ఉండే సంఘం

మా వీధిలో ఉండే ఒక మోర్మన్ కుటుంబంలో పెద్దబ్బాయి మిషన్, అంటే చర్చి పంపిన మత ప్రచార సేవ, ముగించుకుని ఈ మధ్యే ఇంటికి వచ్చాడు. టెక్సస్ దక్షిణ కొసన, రియో గ్రాండే నది ఒడ్డు ఊళ్లలో, స్పానిష్ మాట్లాడే సంఘాల్లో రెండేళ్లు పనిచేశాడు. ఆదివారం చర్చిలో మాట్లాడతాడు, మీరూ రండి అని వాళ్లమ్మ పిలిస్తే వెళ్లాను. మేముండే ఆరిజోనా ఊళ్లలో, అంటే మేసా, గిల్బర్ట్, చాండ్లర్‌లలో, తెలుగువాళ్లూ ఎక్కువే, మోర్మన్లూ ఎక్కువే. తెల్ల చొక్కా, టై, నల్ల బ్యాడ్జీతో ఇద్దరేసి తిరిగే కుర్రాళ్లు తలుపు తట్టని తెలుగిల్లు ఇక్కడ దాదాపు ఉండదు. తెలియనివాళ్లకు ఒక్క ముక్క: వాళ్లది అమెరికాలో పుట్టిన క్రైస్తవ శాఖ. తమను చర్చి పూర్తి పేరుతోనే (చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లాటర్-డే సెయింట్స్) పిలవమని 2018 నుంచి వాళ్ల పెద్దలు కోరుతున్నారు. ఆ కోరిక న్యాయమైనదే. మన పాఠకులకు తెలిసిన పేరు కాబట్టి మాత్రమే ఇక్కడ మోర్మన్లు అని రాస్తున్నాను.

కుర్రాడు బాగా మాట్లాడాడు. వెళ్లేటప్పుడు నేల చూపులు చూస్తూ నడిచే పిల్లవాడు, ఇప్పుడు మూడు వందల మంది ముందు నిలబడి కంగారు లేకుండా మాట్లాడుతున్నాడు. అతని మాటల్లో ముప్పావు వంతు తనకు అన్నం పెట్టినవాళ్ల గురించి, తన తప్పులు దిద్దినవాళ్ల గురించి, జ్వరం వస్తే మందు తెచ్చినవాళ్ల గురించి. ఆరాధన అయ్యాక మాత్రం వరండాలో అందరూ అతని చెయ్యి పట్టుకుని ఒకటే మాట అన్నారు: ఆ ప్రజలకు నువ్వు ఎంత ఇచ్చి వచ్చావో! అతను తీసుకున్నవి చెబుతుంటే వాళ్లు ఇచ్చినవి విన్నారు. అప్పటి నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు.

నా అభిప్రాయం ఇది. స్పానిష్ సంఘాల్లో మిషనరీ సేవ అంటున్నదానిలో బరువైన పని చేసేది ఆ సంఘమే. పద్దెనిమిదేళ్ల పిల్లవాణ్ని మనిషిని చేసి తిరిగి పంపేది వాళ్లే. కానీ వ్యవస్థ మొత్తం, అంటే ట్రాన్స్‌ఫర్లు, వారం వారం పంపే అంకెలు, ఇంటికొచ్చాక జరిగే సన్మానం, అన్నీ కుర్రాడి చుట్టూనే తిరుగుతాయి. దాన్ని సంఘం వైపుకి తిప్పాలి. నేను వాళ్ల చర్చి మనిషిని కాను, ఒంగోలు వైపు బాప్టిస్టు కుటుంబంలో పుట్టినదాన్ని. అయినా మిషనరీలు వచ్చి వెళ్లిన తర్వాత మిగిలిన సంఘంలో పెరిగాను కాబట్టి ఇందులో మాట్లాడే హక్కు కొంత ఉందనుకుంటున్నాను.

ఆరున్నరకు లేచి

ఆ కుర్రాడు మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు తన రోజు ఎలా గడిచేదో అడిగాను. ఆరున్నరకు లేవాలి. వ్యాయామం, స్నానం, తర్వాత చదువు: ఒంటరిగా కొంత, జోడీతో కలిసి కొంత, భాష కొంత. ఆపైన రాత్రి దాకా బయటే. పదిన్నరకు దీపం ఆర్పాలి. జోడీని ఒక్క నిమిషం విడిచి ఉండకూడదు. సినిమాల్లేవు, ప్రేమల్లేవు. ఖర్చు ఇంట్లోవాళ్లే భరించాలి. అమెరికా నుంచి వెళ్లేవాళ్లకు 2020 జూలై నుంచి నెలకు 500 డాలర్లు. టోక్యోలో ఉన్నా టెక్సస్‌లో ఉన్నా అదే మొత్తం. ఇంటికి ఫోన్ చెయ్యడానికి ఇంతకుముందు ఏడాదికి రెండే రోజులు ఉండేవి, క్రిస్మస్, మదర్స్ డే. 2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి మాట్లాడుకోవచ్చు. ఆ ఒక్క మార్పు ఎంతమంది తల్లుల ప్రాణం నిలబెట్టిందో అని వాళ్లమ్మ పక్కనుంచి అంది.

వెళ్లే ముందు ఆరు వారాల శిక్షణ మెక్సికో నగరంలో జరిగింది. ఆ ప్రాంగణం కథ అతనికి తెలుసు, దాని గురించి బాధపడుతూనే చెప్పాడు. అది 1964లో చర్చి పెట్టిన హైస్కూలు, బెనెమెరితో. మెక్సికో పల్లెల నుంచి వచ్చిన పేద సభ్యుల పిల్లలు దాదాపు యాభై ఏళ్లు అక్కడ చదువుకున్నారు. 2012 అక్టోబరులో చర్చి మిషన్ వయసు తగ్గించింది, అబ్బాయిలకు 19 నుంచి 18కి, అమ్మాయిలకు 21 నుంచి 19కి. వెంటనే మిషనరీలు వెల్లువలా వచ్చారు. 58 వేలున్నవాళ్లు 2014 నాటికి 88 వేలయ్యారు. వాళ్లకు చోటు కావాల్సొచ్చింది. 2013లో స్కూలు మూసేసి దాన్ని శిక్షణ కేంద్రం చేశారు. మెక్సికోలో ప్రభుత్వ బళ్లు పెరిగాయి కాబట్టి ఇక ఆ స్కూలు అవసరం లేదన్న వాదన ఉంది, దాన్ని కొట్టిపారెయ్యలేను. ఆ కేంద్రంలో లాటిన్ అమెరికా పిల్లలు కూడా శిక్షణ పొందుతారు, అదీ నిజమే. కానీ అక్కడ చదివినవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్నారన్నదీ నిజమే. వచ్చే కుర్రాళ్ల కోసం ఉన్న పిల్లలు చోటు ఖాళీ చెయ్యడం నాకు చిన్న విషయంగా అనిపించదు.

ఆరు వారాల్లో వచ్చిన స్పానిష్ ఎంత? ప్రార్థన చెయ్యడానికి, తమ నమ్మకం నాలుగు ముక్కల్లో చెప్పడానికి సరిపోతుంది. ఎదుటివాడు తిరిగి మాట్లాడితే సరిపోదు. మొదటి రెండు నెలలు నవ్వుతూ తల ఊపడమే తన పని అని అతను చెప్పాడు. ఒక ఇంట్లో పదేళ్ల పాప తన క్రియాపదాలు దిద్దేదట. పాఠం మధ్యలో చెయ్యెత్తి ఆపి, సరిగ్గా పలికించి, అప్పుడు ముందుకు సాగనిచ్చేది. వాళ్ల నాన్న అంతకుముందు ఈ కుర్రాళ్లు వస్తే పెరట్లోకి వెళ్లిపోయేవాడు. కూతురు ఒక తెల్లబ్బాయికి పాఠం చెబుతోందని చూడ్డానికి వచ్చి కూర్చున్నాడు. ఆ తర్వాత ప్రతి వారం కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఎవరు ఎవర్ని చర్చి దగ్గరికి తెచ్చారో చెప్పడం కష్టమే.

ఇంకోటి కూడా చెప్పాడు. ఆ సంఘంలో ఒక పెద్దాయన చనిపోతే ఇద్దరూ పరుగెత్తుకుని వెళ్లారు. అక్కడ ఏదో ఓదార్పు మాట చెప్పాలని ఇతను గొంతు సవరించుకుంటుంటే, ఒక ముసలావిడ చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లి చెప్పిందట: "నువ్వు ఇప్పుడు మాట్లాడకు నాయనా. వ్యానులో కుర్చీలున్నాయి, దించి వెయ్యి. తర్వాత ఆయన భార్య పక్కన కూర్చో, చాలు." ఆ రాత్రి వరకూ కుర్చీలు వేశాడు, గిన్నెలు కడిగాడు. రెండేళ్లలో తాను నేర్చుకున్నదాంట్లో అది అన్నిటికన్నా పెద్దదని అతనే అన్నాడు. ఏ శిక్షణ కేంద్రమూ దాన్ని ఆరు వారాల్లో నేర్పలేదు. ఆ ముసలావిడ అరనిమిషంలో నేర్పింది. ఆమె పేరు ఏ రిపోర్టులోనూ ఉండదు.

గురువారం భోజనం

స్పానిష్ సంఘాల్లో మిషనరీలకు వారంలో చాలా రాత్రులు భోజనం సభ్యుల ఇళ్లల్లోనే. ఇది నన్ను మొదట ఇబ్బంది పెట్టింది. అక్కడ ఒకామె ఇళ్లు శుభ్రం చేసే పని చేస్తుంది, ముగ్గురు పిల్లలు. ప్రతి గురువారం ఈ ఇద్దరికీ కోడికూర వండి పెట్టేది. మిగతా రోజుల్లో ఆ ఇంట్లో అన్నమూ చిక్కుడుగింజలే. ఈ సంగతి చిన్నపిల్లవాడి నోట వచ్చేసరికి కుర్రాడికి ముద్ద దిగలేదు. సైకిల్ మీద తిరుగుతున్నా తన వెనక నెలకు 500 డాలర్లు పంపగల ఇల్లు ఉంది. ఆమె వెనక ఎవరూ లేరు.

తర్వాతి వారం ఇద్దరూ తినే వచ్చామని చెప్పారట. ఆమెకు కోపం వచ్చింది. "గురువారం నాది. దాన్ని నా దగ్గర్నుంచి తీసుకోవద్దు" అంది. ఎవరికైనా పెట్టగలిగే స్థితిలో ఉండటం ఆమెకు ఎంత అవసరమో అప్పుడు అర్థమైందని కుర్రాడు చెప్పాడు. నాకూ అర్థమైంది. కాబట్టి పేదవాళ్ల ఇంట్లో తినకండి అని నేను అనను, అంటే అది ఆమెను తక్కువ చెయ్యడమే. నేననేది వేరే. ఆమె పెట్టిందాన్ని 'ఆతిథ్యం' అనీ, కుర్రాడు చేసినదాన్ని 'సేవ' అనీ రెండు ఖాతాల్లో రాయకండి. రెండూ సేవే. పన్నెండు గంటలు పనిచేసొచ్చి వండినదాని బరువు నా కళ్లకు ఎక్కువే కనిపిస్తుంది.

నదికీ చెక్‌పోస్టుకీ మధ్య

రియో గ్రాండే లోయ గురించి తెలియనివాళ్లకు ఒక్క విషయం చెప్పాలి. అక్కడ దక్షిణాన నది, అదే సరిహద్దు. ఉత్తరానికి వెళ్లే రెండు పెద్ద రోడ్ల మీదా, ఫాల్‌ఫూరియస్ దగ్గరా, సరీటా దగ్గరా, బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులున్నాయి. సరిహద్దు దాటి వంద కిలోమీటర్లు లోపలికొచ్చాక కూడా ప్రతి బండినీ ఆపి అడుగుతారు. కాగితాలు లేనివాళ్లు ఈ మధ్య పట్టీలోనే బతకాలి. పాతికేళ్లుగా అక్కడే పండ్ల తోటల్లో పనిచేస్తున్నవాళ్లు, అక్కడే పిల్లల్ని కన్నవాళ్లు కూడా శాన్ ఆంటోనియో చూడలేదు.

మోర్మన్లకు దేవాలయం అంటే ఆదివారం వెళ్లే చర్చి కాదు. భార్యాభర్తల బంధాన్ని, పిల్లల బంధాన్ని శాశ్వతం చేసే సంస్కారం అక్కడే జరగాలి. 2023 దాకా ఆ లోయవాళ్లకు అమెరికాలో దగ్గరి దేవాలయం 2005లో ప్రతిష్ఠ అయిన శాన్ ఆంటోనియోది, చెక్‌పోస్టుకు అవతల. రెండోది మెక్సికోలో మోంతెర్రేది, నదికి అవతల. ఉత్తరానికి వెళ్తే పట్టుబడతారు. దక్షిణానికి వెళ్తే తిరిగి రాలేరు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు వచ్చి వాళ్ల వరండాలో కూర్చుని, మీ కుటుంబం శాశ్వతంగా కలిసుండవచ్చు, దానికి దేవాలయానికి వెళ్లాలి అని చెప్పేవాడు. వాళ్లు తల ఊపేవాళ్లు. తనేం అడుగుతున్నాడో అతనికి కొంతకాలం దాకా తెలిసేది కాదు. 2023 అక్టోబరులో మెకాలెన్‌లో దేవాలయం తెరిచాక ఆ చిక్కు తీరింది. దాన్ని చర్చి చేసిన మంచిపనుల్లో పెద్దదిగా నేను లెక్కిస్తాను. అంతకుముందు దశాబ్దాల పాటు ఎదురుచూసినవాళ్లు మాత్రం అక్కడి సభ్యులు. మిషనరీలు వందల్లో మారిపోయారు.

వేరే దిక్కున మా ఊరి అనుభవం ఉంది. ఇంగ్లిష్ కాని భాషలో దేవాలయ సంస్కారాలు మొట్టమొదట జరిగింది ఇక్కడి మేసా దేవాలయంలోనే, 1945 నవంబరులో, స్పానిష్‌లో. మెక్సికో నుంచి కూడా కుటుంబాలు వచ్చాయి, డబ్బు కూడబెట్టుకుని, సెలవులు పెట్టుకుని. మేసా దేవాలయం లైట్లు చూడ్డానికి క్రిస్మస్‌కు మన తెలుగువాళ్లు కూడా పిల్లల్ని తీసుకెళ్తారు. ఆ గోడల వెనక ఈ కథ ఉందని చాలామందికి తెలియదు.

చట్టం సంగతి కూడా ఒక మాట. ఆ సంఘాల్లో కాగితాలు లేని యువకులూ అమెరికా లోపలే మిషన్‌కు వెళ్తారు. 2005లో యూటా సెనేటర్ రాబర్ట్ బెనెట్ ఒక బిల్లులో నిబంధన చేర్పించాడు, అలాంటివాళ్లు స్వచ్ఛందంగా మత సేవ చేస్తే ఆ కారణంగా చర్చి మీద కేసు పెట్టకూడదని. చర్చి తలుచుకుంటే తన బలాన్ని ఈ మనుషుల పక్షాన వాడగలదనడానికి ఇది రుజువు. అందుకే ఇంకా అడుగుతున్నాను.

అంకెలు ఎవరివి

ఇక నాకు గట్టి అభ్యంతరం ఉన్న చోటు. మిషనరీలు వారం వారం అంకెలు పంపాలి: కొత్తగా ఎంతమందికి చెప్పారు, ఆదివారం ఎంతమంది వచ్చారు, ఎంతమందికి బాప్తిస్మం తేదీ ఖాయమైంది, ఎంతమంది తీసుకున్నారు. ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్లు. ప్రతిసారీ అందరూ మారరు కానీ, చాలామంది కొన్ని నెలలకే మారిపోతారు. శనివారం కబురొస్తుంది, వారం మధ్యలో పెట్టె సర్దుకోవాలి.

మా వీధి కుర్రాడు ఒక వెల్డర్‌తో నెలల తరబడి కూర్చున్నాడు. ఆయన తాగుడు మానాడు, సిగరెట్ మానాడు, చివరికి కాఫీ కూడా మానాడు. బాప్తిస్మం ఇంకో పది రోజులుందనగా కుర్రాడికి ట్రాన్స్‌ఫర్ వచ్చింది. కొత్త మిషనరీ వచ్చి బాప్తిస్మం ఇచ్చాడు. మూడు నెలలకు ఆ కొత్తతనూ వెళ్లిపోయాడు. ఏడాది తిరిగేసరికి వెల్డర్ చర్చికి రావడం మానేశాడు. పుస్తకంలో మాత్రం ఒక బాప్తిస్మం ఉంది, ఎప్పటికీ ఉంటుంది. ఆయన రాకపోవడం ఆ ఇద్దరు మిషనరీల రిపోర్టుల్లోనూ కనపడదు. కనపడేది సంఘానికి. ఖాళీ కుర్చీ వాళ్ల కళ్లముందే ఉంటుంది, ఆయన భార్య ఒక్కతే పిల్లల్ని తీసుకొస్తుంటుంది.

ఇది ఒక వెల్డర్ కథే అయితే ఇంత రాయను. చిలీలో 2002 జనాభా లెక్కల్లో తాము మోర్మన్లమని చెప్పుకున్నవాళ్లు లక్షకు కొంచెం పైన. అప్పటికి చర్చి రికార్డుల్లో ఉన్నది 5 లక్షలకు పైగా. మెక్సికోలో 2000 లెక్కల్లో 2 లక్షల చిల్లర, రికార్డుల్లో 8 లక్షలకు పైగా. ఈ తేడా చర్చి పెద్దలకు తెలియదని కాదు. 2002లో అపొస్తలుడు, అంటే చర్చి అగ్రనాయకుల్లో ఒకరైన జెఫ్రీ హాలండ్‌ను చిలీ పంపి రెండేళ్లు అక్కడే కాపురం ఉండమన్నారు. ఆయన్ను పంపింది కొత్తవాళ్లను చేర్చడానికన్నా, చేరినవాళ్లను నిలబెట్టడానికి. సమస్యకు మందు అక్కడే ఉండటమేనని వాళ్లే ఒప్పుకున్నట్టు కదా. పెద్దాయన విషయంలో ఒప్పుకున్నది పద్దెనిమిదేళ్ల కుర్రాళ్ల విషయంలో ఎందుకు పాటించరు?

ఈ మాట కుర్రాడి ముందు పెడితే అతను ఒప్పుకోలేదు. అతని వాదన నిజాయితీగా చెప్పాలి. ఒకచోట ఎక్కువకాలం ఉంటే బద్ధకం వస్తుందన్నాడు. నచ్చిన నాలుగిళ్లకే తిరుగుతాం, నచ్చని జోడీతో రెండేళ్లు ఇరుక్కుంటే మతి పోతుంది, జనం చర్చిని కాక మమ్మల్ని నమ్ముకుంటారు అన్నాడు. మూడోది బలమైన మాట. మనిషి మీద ఆధారపడిన విశ్వాసం మనిషితోనే వెళ్లిపోతుంది. కానీ దానికి జవాబు కుర్రాణ్ని త్వరగా మార్చడం ఎలా అవుతుంది? వెల్డర్‌కి మొదటి రోజు నుంచి పక్కన ఆ సంఘం మనిషి ఒకరు ఉండాలి. మిషనరీ ఆ మనిషికి సహాయకుడిగా ఉండాలి. వాళ్ల హ్యాండ్‌బుక్కే సభ్యులతో కలిసి పాఠాలు చెప్పమంటోంది. ఆచరణలో రాత్రి షిఫ్టు చేసే సభ్యుడికి కుదరదు, కుర్రాళ్లకు ఈ వారం అంకె కావాలి, ఇద్దరే వెళ్లిపోతారు.

నాన్న ఒప్పుకోని మాట

నాన్న ఇప్పుడు మా దగ్గరే ఉన్నారు, ఒంగోలు నుంచి వచ్చి. ఇదంతా విని ఆయన గట్టిగానే అడ్డం వచ్చారు.

"వాళ్లు రాకపోతే మా తాత బడి గుమ్మం తొక్కేవాడా అమ్మాయ్? మాదిగపల్లెకి ఎవరొచ్చారు అంతకుముందు? క్లౌ దొర వచ్చాడు. నువ్వు ఇవాళ అమెరికాలో కూర్చుని మిషనరీల లెక్కలు తప్పంటున్నావు."

ఆయన మాటలో బరువుంది. నేను తేలిగ్గా తీసుకోను. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆ అంకె మా ఇళ్లలో పిల్లలకు కూడా కంఠతా వచ్చు.

"సరే నాన్నా, మరి పేరయ్య?" అన్నాను.

యెర్రగుంట్ల పేరయ్య. 1866లో బాప్తిస్మం తీసుకున్న తోళ్ల వ్యాపారి. పల్లె పల్లెకీ నడిచి తన వాళ్లకు తన మాటల్లో చెప్పింది ఆయన. క్లౌకి దారి చూపింది ఆయన. నది ఒడ్డున దిగిన ఆ వేలమంది వెనక ఆయనలాంటి వాళ్ల కాలినడక ఉంది. దొర పేరు మీద సంస్థలున్నాయి. పేరయ్య పేరు మన చర్చిల్లోనే ఎంతమంది పిల్లలకు తెలుసు? నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అయినా దొర నలభై ఏళ్లు ఉన్నాడు, పారిపోలేదు" అన్నారు. నేను వాదిస్తున్నదీ అదే. నలభై ఏళ్లు ఉన్నాడు కాబట్టే 2,222 అనేది పుస్తకంలో మిగిలిపోయిన అంకె కాకుండా బళ్లూ సంఘాలూ అయింది.

మోర్మన్ల చర్చి మన తెలుగువాళ్ల దగ్గరికి వచ్చిన తీరు కూడా ఇలాంటిదే. సమోవాలో ఉద్యోగం చేస్తూ ఆ చర్చిలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు దంపతులు 1978లో హైదరాబాద్ వచ్చి తమ బంధువులకు చెప్పారు, వాళ్లలో ఇరవై మందికి పైగా బాప్తిస్మం తీసుకున్నారు. సొంత ఇంటివాళ్లు సొంత ఇంటివాళ్లకు చెప్పుకున్నారు. 2012లో భారతదేశంలో ఆ చర్చి మొదటి స్టేక్ (కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం) హైదరాబాద్‌లోనే ఏర్పడింది.

మెక్సికోవాళ్లు అడిగినప్పుడు

మిషనరీలు లేకపోతే స్పానిష్ సంఘాలు నిలబడగలవా అని ఎవరైనా అడిగితే చరిత్రలో జవాబుంది. మెక్సికో విప్లవం రోజుల్లో అమెరికన్ మిషనరీలు 1913లో వెళ్లిపోయారు. ఇదాల్గో రాష్ట్రంలో సాన్ మార్కోస్ అనే ఊళ్లో శాఖ బాధ్యత రఫాయెల్ మొన్రోయ్ మీద పడింది. 1915 జూలైలో విప్లవ నాయకుడు సపాటా పక్షం సైనికులు ఆయన్నూ, విసెంతే మొరాలెస్ అనే మరొకర్నీ కాల్చి చంపారు. రఫాయెల్ తల్లి హెసూసీతా ఆ శాఖను చెదిరిపోనివ్వలేదు. తర్వాత 1926లో విదేశీ మతాచార్యుల మీద ప్రభుత్వం నిషేధం అమలు చేస్తే మళ్లీ మిషనరీలు వెళ్లారు, మళ్లీ సభ్యులే నడుపుకున్నారు.

అన్నీ తామే నడుపుకున్నవాళ్లు 1936లో తమకు మెక్సికన్ మిషన్ ప్రెసిడెంటు, అంటే ఆ ప్రాంతపు మిషనరీలకూ సంఘాలకూ పెద్ద, కావాలని సభ పెట్టి అడిగారు. సాల్ట్ లేక్ సిటీలోని చర్చి ప్రధాన కార్యాలయం ఒప్పుకోలేదు. నాయకుల్ని వెలివేశారు. మెక్సికో సభ్యుల్లో సుమారు మూడోవంతు విడిపోయి పదేళ్లు వేరుగా ఉన్నారు. బోధనలన్నీ అవే, పాటలన్నీ అవే. వాళ్ల పట్టుదల ఒక్కటే, మాలో ఒకడు మాకు పెద్దగా ఉండాలని. 1946లో చర్చి అధ్యక్షుడు జార్జ్ ఆల్బర్ట్ స్మిత్ స్వయంగా వెళ్లి పలకరిస్తే సుమారు 1,200 మంది తిరిగి కలిశారు. ఇప్పుడు అమెరికా తర్వాత ఆ చర్చికి ఎక్కువ సభ్యులున్న దేశాల్లో మెక్సికో ముందువరుసలో ఉంది. వాళ్లు అడిగినదాంట్లో తప్పేముందో నాకు ఎంత ఆలోచించినా కనపడదు.

వేరుగా ఉండాలా, కలవాలా

ఇక్కడ నా వాదనలో నాకే పూర్తిగా తేలని చోటు ఒకటుంది. స్పానిష్ సంఘాలు వేరుగా ఉండటం మంచిదేనా? ఇంగ్లిష్ వార్డు (స్థానిక సంఘాన్ని వాళ్లు వార్డు అంటారు) ఒక గంటకు, స్పానిష్ వార్డు మరో గంటకు ఒకే భవనంలో ఆరాధిస్తాయి. వరండాలో ఎదురుపడతాయి, కలవవు. డబ్బున్న ఇళ్లు, వకీళ్లు, డాక్టర్లు ఒక గంటలో. తోటపనివాళ్లు, వంటవాళ్లు మరో గంటలో. కలిపేస్తే ఒకరికొకరు అక్కరకొస్తారు కదా అనిపిస్తుంది. చర్చి కూడా ఈ విషయంలో కాలాన్ని బట్టి అటూ ఇటూ మొగ్గింది.

కానీ కలిపిన చోట ఏమవుతుందో మనకు తెలుసు. ఇంగ్లిష్ సరిగా రాని పెద్దావిడ వెనక బెంచీలో నోరు మూసుకుని కూర్చుంటుంది. అదే ఆవిడ స్పానిష్ వార్డులో ఆడవాళ్ల సంఘానికి అధ్యక్షురాలు. మా తెలుగు ఫెలోషిప్‌లోనూ ఇదే చూస్తున్నాను. అమ్మమ్మలు, తాతయ్యలు ఇక్కడ పాట ఎత్తుకుంటారు, ప్రార్థన నడిపిస్తారు. పక్కనున్న పెద్ద ఇంగ్లిష్ చర్చిలో వాళ్లు ప్రేక్షకులు. మరోపక్క మన పిల్లలు తెలుగు ప్రసంగం మొదలవగానే ఫోన్ తీస్తారు. ఆ లోయలోనూ పిల్లలు ఇంగ్లిష్‌లోనే గుసగుసలాడుకుంటారని కుర్రాడు చెప్పాడు. పదిహేనేళ్లు దాటిన పిల్లల్ని నిలుపుకోవడమే స్పానిష్ సంఘాల పెద్దల పెద్ద టెన్షన్ అట. వాళ్లలో చాలామంది ఇంగ్లిష్ వార్డుకి మారిపోతారు, కొంతమంది ఎక్కడికీ వెళ్లరు.

ప్రస్తుతానికి వేరుగా ఉండటమే మేలని నా మొగ్గు. బాధ్యత ఉన్నచోటే మనిషి ఎదుగుతాడు. ఇక్కడ మిషనరీ కుర్రాళ్ల ఉపయోగం ఒకటి నాకు కొత్తగా తోచింది. ఇంగ్లిష్ మాట్లాడే పద్దెనిమిదేళ్లవాడు ఆ లోయ పిల్లల అమ్మానాన్నల భాష నేర్చుకోవడానికి ఇంత కష్టపడుతుంటే, ఆ భాషను చిన్నచూపు చూసే పదిహేనేళ్లవాడు ఒక్కసారి ఆగి చూస్తాడు. రెండేళ్లలో అతను ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చాడన్నదానికన్నా ఇది ఎక్కువ విలువైందేమో. కానీ దీనికి కూడా అతను అక్కడ కొన్నాళ్లు నిలబడాలి. మూడు నెలలకు మారిపోయేవాడితో పదిహేనేళ్లవాడు స్నేహం చెయ్యడు. అలా వచ్చి వెళ్లినవాళ్లను వాడు ఇప్పటికే చాలామందిని చూశాడు.

అందుకని నేను అడిగేవి పెద్ద కోరికలేం కావు. స్పానిష్ సంఘానికి పంపిన మిషనరీని కనీసం ఆరు నెలలు అక్కడ ఉంచండి. బాప్తిస్మం అంకె పక్కనే, ఏడాది తర్వాత వస్తున్నవాళ్లెందరో ఇంకో గడి పెట్టండి, ఆ గడి నింపేది సంఘం బిషప్ కావాలి. ఒక మిషనరీ వెళ్లే ముందు ఈ అబ్బాయి మీకు ఏం చేశాడు, ఇంకా ఏం నేర్చుకోవాలి అని సంఘాన్ని అడిగి రాయించుకోండి. ఇంటికొచ్చాక జరిగే సభలో అన్నం పెట్టినవాళ్లలో ఒకరిద్దర్ని వీడియోలోనైనా మాట్లాడించండి. ఇవన్నీ మిషన్ ప్రెసిడెంటు స్థాయిలో మొదలుపెట్టగలిగినవే అనిపిస్తుంది నాకు.

గురువారం కోడికూర పెట్టినామె పెద్దకూతురికి ఇప్పుడు మిషన్ పిలుపు వచ్చింది. పద్దెనిమిది నెలలు, ఐడహోలో, ఇంగ్లిష్ సంఘాల్లో. ఆ సంగతి కుర్రాడికి మెసేజ్ పెట్టింది, చలికి ఏం కొనుక్కోవాలని అడిగింది. అతను కోటు గురించి, బూట్ల గురించి రాశాడట. నేనైతే ఇంకోటి కనుక్కోవాలనుకుంటున్నాను. అక్కడి బంగాళాదుంప రైతుల ఇళ్లలో ఆమెకు వారంలో ఎన్ని రాత్రులు భోజనం పెడతారు, ఆమె యాస ఉన్న ఇంగ్లిష్‌ను వాళ్ల పదేళ్ల పిల్లలు ఎలా దిద్దుతారు, ఆమె కుర్చీలు వెయ్యడం చూసి వాళ్లు ఏమైనా నేర్చుకుంటారా అని. ఆరు నెలలకు తక్కువ కాకుండా ఒకచోట ఉంచితే అది తెలిసే వీలుంది.